పద్యగానమున విరామస్థానము: ఒక పద్యవిభావరిని గూర్చిన విమర్శ

నాటకపద్యములను గూర్చి మన విశ్వవిద్యాలయములలో వెలువడిన వ్యాసములు పెక్కు కలవు. ఆ పద్యములను రచించిన కవులను గూర్చియు, వారి శైలిని గూర్చియు, మూలకథకు వారు చేసిన మార్పులను గూర్చియు విచారణ చాలవరకు జరిగినది. ఆ పద్యములను కంఠమున నిలుపుకొని గ్రామగ్రామమునకు చేర్చిన వారిని గూర్చి మాత్రము మనము వ్రాసినది అల్పము. వ్రాసినదియు ప్రసిద్ధనటుల జీవితచరిత్రములకే పరిమితమైనది. పేరు మండలము దాటని గాయకుడు, పగలు పొలమునందో దుకాణమునందో పని చేసికొని రాత్రి హార్మోనియము ప్రక్కన నిలిచి పద్యమెత్తుకొను గాయకుడు, మన విమర్శకు విషయము కాలేదు. అట్టి గాయకులు తొమ్మండుగురు ఒకరి తరువాత ఒకరు పాడగా మేము విన్న ఒక రాత్రిని ఆధారముగా గొని, పద్యగానమును ఏ కొలతతో కొలువవలెనో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

పద్యవిభావరి యననేమో పల్లెలలో ఎల్లరును ఎరుగుదురు. పూర్తి నాటకమాడవలెనన్న వేషములు, తెరలు, పదిమంది నటులు, వారికి సంభావనలు, ఇన్నియు కావలెను. ఆ వ్యయము భరింపలేనిచోట ఒక హార్మోనియము, ఒక తబలా జత, ఒక మైకుసెట్టు ఏర్పరచి, చుట్టుప్రక్కల గ్రామముల గాయకులను పిలుతురు. ఒక్కొక్కరు రెండుమూడు పద్యములు పాడుదురు. వేషము లేదు, అభినయము స్వల్పము. పాండవోద్యోగవిజయములు, గయోపాఖ్యానము, సత్యహరిశ్చంద్రీయము, శ్రీకృష్ణతులాభారము మొదలగు నాటకముల పద్యములే తరచుగా వినవచ్చును. నాటకమునుండి వేరుపడి, గాయకుని గొంతు ఒక్కటే ఆధారముగా పద్యము నిలువవలసిన స్థలమిది. కావున పద్యగానమునందలి గుణదోషములను పరీక్షించుటకు ఇంతకంటె అనువైన సందర్భము మరియొకటి లేదు.

పూర్వపక్షములు

రంగస్థలముపై పద్యమును రాగయుక్తముగా పాడుట పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున మన దేశమున స్థిరపడినది. అంతకుముందు పురాణపఠనమునందును, భాగవతుల ఆటలయందును పద్యమును రాగముతో చదువు సంప్రదాయము ఉండనే యున్నది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజము వారు మన పట్టణములలో ఆడిన ఆటలు విద్యావంతులకు క్రొత్త రంగస్థలమును చూపినవి. 1885 లో కడప మండలమునందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు ప్రారంభించిన కుటుంబసమాజము నాటకమును ఊరూర తిప్పినది. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) తమ నాటకములలో పద్యమునకును పాటకును ప్రముఖస్థానమిచ్చిరి. ఆ పిమ్మట తిరుపతి వేంకటకవులు పాండవోద్యోగవిజయములందు వాడుకమాటకు మిక్కిలి చేరువగా నున్న తెలుగును పద్యమున పలికించుటతో, చదువురాని వానికిని పద్యము నోటికెక్కినది.

పద్యము నోటికెక్కిన కొలది రాగము పెరిగినది. కపిలవాయి రామనాథశాస్త్రి గానమును గ్రామఫోను రికార్డులు దూరదూరములకు చేర్చినవి. కల్యాణం రఘురామయ్య (1901-1975) వ్రేలిని నోట నుంచి ఈలతోనే పద్యరాగమును పలికించి 'ఈలపాట' బిరుదమును ఇంటిపేరుగా చేసికొనెను. 'వన్స్‌మోర్' అను ఇంగ్లీషు మాట ఇంగ్లీషు రాని పల్లెలలో సైతము తెలుగుమాట యైనది. చనిపోయిన పాత్ర లేచి పద్యమును మరల పాడి మరల చనిపోయెనను పరిహాసకథ అప్పటినుండి నాటకవిమర్శకులకు ప్రియమైనది.

దీనిపై రెండు పక్షములు ఏర్పడినవి. రాగము అర్థమును చంపుననియు, నాటకమును కచ్చేరీగా మార్చుననియు ఒక పక్షము. వాచికాభినయమునకు ప్రాధాన్యమిచ్చి గానమును తగ్గించిన బళ్ళారి రాఘవ (1880-1946) ఈ పక్షమునకు అండగా పేర్కొనబడుచుండును. రాగము లేనిచో పద్యము పద్యమే కాదనియు, జనము వచ్చునది రాగమునకే యనియు రెండవ పక్షము. ఈ రెండు పక్షములును ఒకే కొలతను వాడుచున్నవని మనము గమనించినట్లు లేదు. ఒకరు రాగము దీర్ఘమైనదని నిందింతురు. మరియొకరు దీర్ఘమైనదనియే మెచ్చుకొందురు. ఇరువురును చూచునది రాగము యొక్క నిడివినే. మేమును చిరకాలము మొదటి పక్షముననే యుంటిమి. తరగతిలో విద్యార్థులకు అట్లే బోధించితిమి. ఆ రాత్రి విన్న పిదప ఆ యభిప్రాయమును దిద్దుకొనవలసి వచ్చినది.

ఆనాటి రాత్రి

రామవిలాససభ వంటి నాటకసమాజములు పూర్వము వర్ధిల్లిన తెనాలికి కొలదిదూరమున నున్న ఒక గ్రామమున, కార్తికమాసములో, రామాలయము ఎదుట ఈ విభావరి జరిగినది. ఇద్దరు పరిశోధక విద్యార్థులు మాతో వచ్చిరి. పాడబడునని ముందుగా తెలిసిన పద్యములకు అచ్చుప్రతులు తీసికొనిపోయితిమి. గాయకుడు ఎచ్చట ఆగెనో, ఎచ్చట రాగమెత్తెనో ఆ ప్రతులపై పెన్సిలుతో గీతలు గీయుట మేము పెట్టుకొన్న పని.

రాత్రి తొమ్మిదిగంటలు దాటిన తరువాత మొదలైన గానము ఒంటిగంట వరకు సాగినది. పాడినవారిలో ఇద్దరు రైతులు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒక దర్జీ, ఒక కిరాణా వర్తకుడు, ఒక ఆటో నడుపు యువకుడు, ఒక పంచాయతీ ఉద్యోగి, ఇద్దరు స్త్రీలు. ముందు వరుస కుర్చీలలో కూర్చున్న వృద్ధులు గాయకునితోపాటు పెదవులు కదపుచుండిరి. వెనుక నిలుచున్న పిల్లలు ఫోనులు పైకెత్తి పట్టుకొనిరి. పద్యమునకు పద్యమునకు నడుమ, ఒక్కొక్కప్పుడు పద్యము నడుమనే, చదివింపులు మైకులో చదువబడుచుండెను. కృష్ణుడు కురుసభలో ప్రశ్న వేసిన తరువాత సమాధానమునకు ముందు నూటపదహారు రూపాయల చదివింపు వినబడుట మొదట మాకు నవ్వు తెప్పించినది. పిమ్మట ఆలోచింపగా, ఆ ప్రకటన చేయువాడు సైతము వాక్యము ముగిసిన తరువాతనే మైకు అందుకొనుచున్నాడని తెలిసినది. పద్యము ఎచ్చట ఆగవచ్చునో అతనికి తెలియును.

వృద్ధుడైన దర్జీ తన రెండవ పద్యమున మూడవ పాదము మరచెను. హార్మోనియము వాయించువాడు శ్రుతి నిలిపి యుంచెను. క్షణకాలములో శ్రోతలలో నుండి ముగ్గురు నలుగురు ఆ పాదము అందించిరి. వారందించినది మా చేతిలోని అచ్చుపాఠముతో ఒక పదమున భేదించినది. వారందరును పలికినది మాత్రము ఒకే పాఠము.

యతి, పాదాంతము, విరామము

మేము గీసికొన్న గీతలను మరునాడు పరిశీలింపగా గాయకుల మధ్య స్పష్టమైన భేదము గోచరించినది. దానిని వివరించుటకు ముందు ఛందస్సునకు సంబంధించిన ఒక విషయము చెప్పవలసి యున్నది.

సంస్కృతమున యతి యనగా విరామము. పాదమధ్యమున శబ్దము విరుగవలసిన స్థానమది. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. పాదాద్యక్షరమునకును యతిస్థానాక్షరమునకును పొందిక కుదురవలెను. అచ్చట ఆగవలెనను నియమము లేదు. ఉత్పలమాలకు పదవ యక్షరము, చంపకమాలకు పదునొకండవది, శార్దూలమునకు పదుమూడవది, మత్తేభమునకు పదునాలుగవది యతిస్థానములు. ఆ యక్షరము పదమధ్యమున పడుట, సమాసమధ్యమున పడుట మన పద్యములలో నిత్యము కనబడునదే. పాదాంతమునందును అంతే. సంస్కృతశ్లోకమున పాదాంతమున పదము ముగియుట సామాన్యధర్మము. తెలుగుకవి నన్నయ కాలము నుండియు పదమును పాదాంతము దాటించి మరుసటి పాదమునకు కొనిపోవుచునే యున్నాడు. కావున తెలుగుపద్యమునకు అచ్చులో కనబడు పాదము ఒకటి, వాక్యమునకు సహజమైన పాదము ఒకటి. ఈ రెండును ఒక్కొక్కప్పుడు కలియును, ఒక్కొక్కప్పుడు కలియవు. కలియనిచోట గాయకుడు దేనిని అనుసరింపవలెను? పద్యగానమునందలి సమస్త గుణదోషములకు ఈ ప్రశ్నయే మూలమని మా అభిప్రాయము.

ప్రసిద్ధ నాటకపద్యమును ఉదాహరించినచో పాఠకుల చెవిలో ఏదో ఒక ప్రసిద్ధ కంఠము ముందే పలుకును; పరీక్ష సరిగా జరుగదు. అందుచేత రాయబారసందర్భమును ఊహించుకొని తేటగీతి పాదములు రెండు మేమే కల్పించి క్రింద చూపుచున్నాము. వీనికి కవిత్వగుణము కలదని మేము చెప్పికొనుట లేదు.

సంధి కోరుట భయమని సభకు తోచు
నేని వినుడు మా బలిమిని నేడె కనుడు

లక్షణమునకు లోపము లేదు. ప్రతిపాదమునను ఒక సూర్యగణము, రెండు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు ఉన్నవి; నాలుగవ గణాద్యక్షరమునకు యతి కుదిరినది. ఇప్పుడు ఒక గాయకుడు మొదటి పాదాంతమున, 'తోచు' అను మాట మీద ఆగి అరనిమిషము రాగము తీసెననుకొందము. ఆ అరనిమిషమును శ్రోత ఏమి గ్రహించి యుండును? సంధి కోరుట భయమువలననే యని సభకు తోచుచున్నదని రాయబారియే ఒప్పుకొన్నట్లు గ్రహించును. రెండవ పాదమున 'నేని' యని గాయకుడు అందుకొనునప్పటికి దెబ్బ తగిలియే యున్నది. పైగా 'నేని' యను ముక్క తల లేని మొండెమువలె వినబడును. మరియొక గాయకుడు 'తోచునేని' యని ఒక్క ఊపిరిలో పలికి, ఆ 'నే' యను దీర్ఘము మీద గాని, ఆ పదాంతమున గాని అంతే నిడివి గల రాగము తీసెననుకొందము. ఇప్పుడు శ్రోత ఎదురుచూచును. 'అయినచో ఏమగును?' అను ప్రశ్న సభలో నిలుచును. రాగము సాగిన కొలది ఆ ప్రశ్న బరువెక్కును. తరువాత 'వినుడు' అను మాట పడినప్పుడు దానికి బలము కలుగును.

రాగము రెండుచోట్లను సమానమే, కాలము సమానమే. ఒకచోట అర్థము చెడినది, మరియొకచోట అర్థము హెచ్చినది. కావున రాగము అర్థమును చంపునను మాటగాని, రాగమే పద్యమునకు ప్రాణమను మాటగాని నిలువదు. రాగము విరామమును పొడిగించు సాధనము. వాక్యము తనంతట తాను ఆగదగినచోట పొడిగించినచో అది అర్థమునకు తోడగును. ఆగరానిచోట పొడిగించినచో అపార్థమును పొడిగించును.

వాక్యము ఆగదగిన స్థానములు ఏవి? సమాపకక్రియ తరువాత ఆగవచ్చుననుట స్పష్టము. అంతకుముందును కొన్ని స్థానములు కలవు. సంబోధన మొదటిది. పిలిచినవాడు ఆగుట, పిలువబడినవాడు తిరిగి చూచుట లోకసహజము. చేదర్థకము రెండవది, పైన చూపినది అదియే. క్త్వార్థకము మూడవది. ఒక పని జరిగి మరియొకటి జరుగనున్నదని తెలుపు ఆ రూపము మీద నిలిచినను వాక్యము చెడదు. విశేషణమునకును విశేష్యమునకును నడుమ, కర్మకును దానిని వెంటనే అనుసరించు క్రియకును నడుమ, వ్యతిరేకార్థకమునకు ముందు ఆగుట దోషము. 'కాదు', 'లేదు' అను మాటలకు ముందు తీసిన రాగము చెప్పదలచిన దానికి విరుద్ధమైనదానిని శ్రోత చెవిలో స్థిరపరచును. ఇవి మేము పుస్తకమునుండి తెచ్చిన సూత్రములు కావు. ఆ రాత్రి బాగుగా పాడినవారు ఆగిన స్థానములను ఏరి కూర్చగా తేలినవి.

ముగ్గురు గాయకులు

తొమ్మండుగురిలో ముగ్గురిని గూర్చి విడిగా చెప్పుట అవసరము.

మొదటివాడు ఆటో నడుపు యువకుడు. శ్రుతిశుద్ధి, కంఠమాధుర్యము, గాలి నిలుపు శక్తి, ఈ మూడింటియందును తక్కిన ఎనమండుగురును అతనికి చాలరు. హరిశ్చంద్రుని పద్యములు పాడెను. వన్స్‌మోరులు అతనికే ఎక్కువ వచ్చినవి. కాని అతడు ఆగినచోట్లు మాకు వింతగా తోచినవి. ఊపిరి ఇంకను మిగిలియుండగా వాక్యమధ్యమున ఆగుచుండెను. మరియొకచోట ఊపిరి చాలక తొట్రుపడుచు దాటుచుండెను. గానానంతరము ఆ విషయము అడుగగా, "రికార్డులో అక్కడే ఆగారు సార్. నేను అదే వినీ వినీ నేర్చుకున్నాను" అనెను. ఒక ప్రసిద్ధనటుని రికార్డు ఫోనులో విని, ఆ నటుడు ఊపిరి తీసికొన్నచోటనే తానును తీసికొనుచున్నాడు. ఆ నటునికి ఆనాడు అచ్చట ఊపిరి అవసరమైనది, ఇతనికి కాలేదు. అయినను అది పాఠములో భాగమైపోయినది.

రికార్డును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలెను. 78 చుట్ల గ్రామఫోను పలక, సామాన్యముగా వాడుకలో నున్న పది అంగుళములది, ఒక వైపున సుమారు 3 నిమిషముల గానమునే పట్టును. పద్యమును రాగమును ఆ మూడు నిమిషములలో ఇముడ్చవలెను. కావున పలకపై పాడిన నటుడు రంగముపై పాడినట్లే పాడెనని అనుకొనుటకు వీలులేదు. ఒకచోట తొందరపడియుండును, ఒకచోట కుదించియుండును. ఆ యంత్రము విధించిన హద్దులు ఇప్పుడు లేవు. క్యాసెట్టు వచ్చినది, పోయినది, ఫోను వచ్చినది. పలక పోయినను దానితో ఏర్పడిన విరామములు శిష్యపరంపర లేని యువకుల గొంతులలో నేటికిని నిలిచియున్నవి. వారి ప్రతిభకు ఇది లోపము కాదు. వారికి చెప్పువారు లేకపోవుట లోపము.

రెండవవాడు డెబ్బదియేండ్లు దాటిన రైతు. గొంతులో జీర పుట్టినది. పైస్థాయి అందుట లేదు. ఒత్తక్షరములు కొన్ని తేలిపోవుచున్నవి; శకార సకారములకు భేదము పాటింపలేదు. అయినను రాయబారఘట్టములోని పద్యము నొకదానిని ఆయన పాడినప్పుడు, ఎన్నియో పర్యాయములు తరగతిలో బోధించిన ఆ పద్యమును మేము మొదటిసారి విన్నట్లనిపించినది. మొదటి పాదాంతమును ఆగకుండ దాటి, రెండవ పాదములో సంబోధన వరకు వచ్చి, అచ్చట నిలిచి రాగము తీసెను. రాగము దీర్ఘమే. సభ కదలలేదు. గానము ముగిసిన పిదప ఆయన వద్దకు పోయి, పాదాంతమున ఆగక ముందుకు పోవుటకు కారణమడిగితిమి.

"పాదం సంగతి నాకు తెలవదండీ. అక్కడికి మాట పూర్తవలేదు గదండీ. మాట పూర్తవకుండా రాగం తీస్తే మా గురువుగారు హార్మోనీ పెట్టె మూసేసేవోరు" అని ఆయన చెప్పెను.

ఈ సమాధానమున రెండు విషయములు కలవు. మొదటిది, ఆయన చేసినది యాదృచ్ఛికము కాదు. దానికొక శాసనము కలదు. రెండవది, ఆ శాసనమును నడిపినవాడు హార్మోనియము వాయించువాడు. ఈ వాద్యమును సంగీతవిద్వాంసులు చులకనగా చూచుట యందరును ఎరిగినదే. స్వరములు స్థిరములగుటచే గమకమునకు చాలదని నిరసించిరి. ఆకాశవాణియే దానిని 1940 లో నిషేధించి, 1971 లో గాని సడలింపలేదు. గమకమును గూర్చిన ఆక్షేపణ న్యాయమే కావచ్చును. పద్యగానమున మాత్రము హార్మోనిస్టు పని శ్రుతి పట్టుటతో తీరదు. గాయకుడు ఆగినప్పుడు అందుకొనుట, ఆగరానిచోట అందుకొనకుండుట, మరచినప్పుడు నిలుపుట అతని పనులు. పద్యమునందలి విరామములకు అతడు కావలివాడు. మన నాటకచరిత్రములలో నటుల పేర్లున్నవి. హార్మోనిస్టుల పేర్లు అరుదు.

మూడవవారు ఒక ప్రాథమికపాఠశాల ఉపాధ్యాయిని. కృష్ణపాత్రకు చెందిన పద్యమును పాడిరి. సురభివారి నాటకములలో స్త్రీలు తొలితరములలోనే రంగమెక్కిరి కనుక ఇందు వింత లేదు. ఆమె చేసిన క్రొత్తపని వేరు. పద్యమును ముందుగా రాగము లేకుండ, మాటలాడినట్లు ఒకమారు చెప్పి, పిమ్మట పాడిరి. చెప్పునప్పుడు వాక్యమును అనుసరించిరి. పాడునప్పుడు వాక్యమును కొంత, పాదమును కొంత అనుసరించిరి. అర్థము ముందే తెలిసియున్నందున పాదాంతమున ఆగినను శ్రోతకు అపార్థము కలుగలేదు. ఇది వృద్ధరైతు మార్గమంత సూక్ష్మము కాదు; కాని చిన్నతరగతులలో పద్యము చెప్పి చెప్పి ఆమెకు అలవడిన మార్గమని స్పష్టము. నేటి శ్రోతలలో పద్యము కొత్తగా వినువారు హెచ్చుచున్నందున ఈ మార్గమునకు విలువ కలదు.

తక్కినవారి యందలి దోషములను దాచనవసరము లేదు. ఒక గాయకుడు మూడు నాటకముల పద్యములను మూడింటిని మోహనరాగమున ఒకే ఎత్తుగడతో పాడెను. వేడుకోలునకును బెదిరింపునకును భేదము వినబడలేదు. శక్తికి మించిన శ్రుతి పెట్టుకొని కేకవేసిన వారిద్దరు. మైకునకు 'ఎకో' పెంచుటచే ముందు అక్షరము వెనుక అక్షరము మీద పడి పద్యమంతయు అలుక్కుపోయినది. ఈ దోషములు రాగపు నిడివికి సంబంధించినవి కావని మాత్రము గమనింపవలెను.

పాఠము, పాఠాంతరము

విరామమును గూర్చిన విచారము పాఠమును గూర్చిన విచారమునకు దారితీయును. అచ్చుప్రతితో పోల్చి చూడగా గాయకుల పాఠములు పలుచోట్ల భేదించినవి. కొన్ని మరపువలన పుట్టినవి. కొన్ని అట్లు కావు: కఠినసంధిని విడదీసి పలుకుట, పాదాంతమున విరిగిన పదమునకు బదులు అక్కడికే ముగియు పదమును వేయుట మొదలగునవి నోటికి, ఊపిరికి, అర్థమునకు అనుకూలముగా చేసికొన్న మార్పులు. తాళపత్రప్రతులలో లేఖకుడు చేసిన మార్పును పాఠాంతరమని గౌరవించి అడుగున చూపు మనము, గాయకుడు చేసిన మార్పును తప్పని త్రోసివేయుట న్యాయమా? దర్జీ మరచిన పాదమును అందించిన శ్రోతలందరును అచ్చులో లేని ఒకే పదమును పలికిరని ముందు చెప్పితిమి. అది ఆ ప్రాంతమునందు స్థిరపడిన పాఠము. దానికొక చరిత్ర యుండితీరును.

గాయకుల ఈ స్వాతంత్ర్యము ఎంత దూరము పోగలదో హరిశ్చంద్ర నాటకము చూపుచున్నది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి రచించిన నాటకమునందలి కాటిసీనులో నేడు ఊరూర పాడబడుచున్న పద్యములలో గుఱ్ఱం జాషువ (1895-1971) శ్మశానమును గూర్చి రచించిన ఖండకావ్యపద్యములు చేరియున్నవి. నాటకకర్త వేరు, కవి వేరు. వానిని కలిపినది రంగస్థలము. ఏ విమర్శకుడును సలహా యీయలేదు, ఏ పరిష్కర్తయు సంధానము చేయలేదు. అస్పృశ్యత కారణముగా అవమానముల నెదుర్కొన్న ఒక కవి పద్యములను, ఆయన పుస్తకమును తెరిచి చూడని ఇండ్లలో సైతము కన్నీటితో వినునట్లు చేసినది పద్యగాయకుడు. జాషువ కీర్తివ్యాప్తిని గూర్చి పరిశోధించువారు ఈ విషయమును ముద్రణల లెక్కతో సమానముగా గణింపవలెను. ఆ రాత్రి ఆ పద్యములు పాడిన యువకునకు అవి జాషువవని తెలియును. నాటకములో లేనివని తెలియదు. శ్రోతలకు ఆ భేదముతో పని లేదు.

కర్తవ్యము

పై విచారమును బట్టి మూడు పనులు మన శాఖలకు తగియున్నవని తలంచుచున్నాము.

మొదటిది సేకరణము. గానమును యంత్రమున పట్టుట నేడు కష్టము కాదు. ఆ రాత్రియే ఎన్నియో ఫోనులు పట్టినవి. కాని గాయకుడెవరు, ఏ యూరివాడు, ఎవరి వద్ద నేర్చెను, హార్మోనియము ఎవరిది అను వివరములు లేని ధ్వని పరిశోధకునకు సగమే ఉపకరించును. అచ్చుప్రతిపై విరామచిహ్నములు గుర్తించి, పాఠాంతరములు చూపి, గాయకుని ఒప్పుదలతో భద్రపరుపవలెను. ఎందుకచ్చట ఆగితిరని అడుగుట మరువరాదు. మా అనుభవమున ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన సమాధానమే తక్కిన సేకరణమంతటికంటె విలువైనది.

రెండవది నిర్ణయము. 1998 నుండి ప్రభుత్వము నిర్వహించిన నంది నాటకోత్సవములలో పద్యనాటకమునకు ప్రత్యేకస్థానము లభించినది. పరిషత్తులవారును పద్యగానమునకు పోటీలు పెట్టుచున్నారు. న్యాయనిర్ణేతలుగా మనవారే తరచుగా కూర్చుందురు. కంఠమునకు, శ్రుతికి, రాగమునకు గుణములు వేయునట్లే వాక్యవిభాగమునకును వేయుదుమని ముందుగా ప్రకటించినచో, రికార్డును అనుకరించు యువకుడు అర్థము వైపు తానే చూచును. బహుమతి దేనికో సాధన దానికే జరుగును.

మూడవది మన తరగతి. ఇది చెప్పుటకు మాకే సిగ్గు కలుగుచున్నది. విభావరి నుండి తిరిగివచ్చిన మరుసటి వారము ఎం.ఏ. తరగతిలో భారతపద్యమును చదువుచు, ప్రతి పాదాంతమునను మేమును ఆగుచున్నామని గుర్తించితిమి. ఇరువది యేండ్లకు సమీపముగా అట్లే చదివియుందుము. పుస్తకములో పంక్తి ముగిసినది కనుక ఆగుచున్నాము; వాక్యము ముగిసినదో లేదో చూచుట లేదు. గణవిభజన నేర్పుచున్నాము, యతిప్రాసలు అడుగుచున్నాము, అన్వయమును కాగితముపై వ్రాయించుచున్నాము. ఆ అన్వయమును గొంతుతో చూపుట నేర్పుట లేదు. రాగము అర్థమును చంపునని గాయకుని నిందించిన మేము, రాగము లేకుండనే ఆ పని చేయుచుంటిమి.

ఒక విషయము చెప్పి ముగింతుము. ఆ వృద్ధరైతు వద్ద పద్యము నేర్చిన శిష్యుడు ఒక్కడును లేడు. ఎవరును అడుగలేదని ఆయన చెప్పెను. ఆటో నడుపు యువకుని గ్రామమునకును ఆయన గ్రామమునకును నడుమ దూరము రెండు క్రోసులు లేదు. ఇరువురును ఒకే వేదికపై పాడిరి, ఒకరి గానము ఒకరు వినిరి, మాటలాడుకొనలేదు. మేము ఆ యువకుని గూర్చి చెప్పగా, "మంచి గొంతండీ ఆ అబ్బాయిది. రమ్మనండి, నాకు తెలిసినంత చెప్తాను" అని ఆయన అనెను. ఆ మాటను యువకునకు చేర్చితిమి. పనిలేని ఆదివారము పోయెదనని అతడనెను. మా పరిశోధక విద్యార్థులలో ఒకరు, పెన్సిలును అచ్చుప్రతులను తీసికొని, ఆ ఆదివారము అతనితో పోవుటకు సిద్ధముగా నున్నారు.